చక్రబంధం

చక్రబంధమనగానే నావంటి పాతకాలపు భాషాప్రవీణులకు చిత్రకవిత్వం గుర్తుకు వస్తుంది. చక్రపు ఆకుల వెంబడి అక్షరాలు పేర్చి, లోపలి వలయాలలో కవి పేరో కృతి పేరో తేలేటట్లు పద్యం కట్టడం ఒక విద్య. నేనిప్పుడు చెప్పబోయే బంధం వేరు. పరుగెత్తే మోటారు సైకిలుకు అకస్మాత్తుగా బ్రేకు పట్టినప్పుడు చక్రం తిరగడం మాని బిగుసుకుపోతుంది చూశారా, అది. ఆ బంధం పడకుండా చూసే సాధనానికి ఇంగ్లీషువారు యాంటీ-లాక్ బ్రేకింగ్ సిస్టమని పేరు పెట్టారు. బళ్ల దుకాణాలలో దానిని ఏబీఎస్ అంటున్నారు. తెలుగులో చక్రబంధ నిరోధకమని అనవచ్చును గాని, ఆ మాట పలికేలోపల బండి ఎదుటివాడిని తాకుతుంది. అందుచేత ఈ టపాలో ఏబీఎస్ అనే వ్రాస్తాను.

ఈ సాధనం నిన్న మొన్న పుట్టిందని చాలామంది అనుకుంటారు. మోటారు సైకిలు మీద దీనిని పరీక్షించి చూసిన సంగతి 1958 నాటిది. పరీక్షలో అది నెగ్గింది కూడా. అయినా అమ్మకపు బండి మీదికి రావడానికి ఆ తరువాత ముప్పై ఏళ్లు పట్టింది. మన దేశంలో చట్టమై మధ్యతరగతివాని బండికి ఎక్కడానికి అరవై ఏళ్లు పట్టింది. ఇంత ఆలస్యం ఎందుకు జరిగింది? ఆ ఆలస్యానికి ఆధారమైన సందేహాలలో న్యాయమైనవి ఎన్ని, వట్టి అభిమానాలు ఎన్ని? ఇది విచారించదగిన విషయమని నాకు తోచింది. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వపు లెక్క. అందులో 74,897 మంది ద్విచక్రవాహనాల మీద పోయినవారు. ముప్పై ఏళ్లకు పైగా బడిపిల్లల హాజరుపట్టీ పిలిచినవాడికి ఆ అంకె వట్టి అంకెగా కనిపించదు.

ముందుగా బ్రేకు పట్టినప్పుడు ఏమి జరుగుతుందో చూద్దాం. బండి ఎంత పెద్దదైనా దాని టైరు నేలను తాకే చోటు అరచేతి పాటిది. చక్రం దొర్లుతున్నంతసేపు ఆ అరచేయి నేలను పట్టుకుంటూ, వదులుతూ, మళ్లీ పట్టుకుంటూ సాగుతుంది. బ్రేకు పట్టినకొద్దీ చక్రం తిరిగే వేగం బండి వేగం కంటె కొంత వెనుకబడుతుంది. ఆ వెనుకబాటు నూటికి పది, ఇరవై పాళ్ల దాకా ఉంటే నేల మీద పట్టు హెచ్చుగానే ఉంటుంది. అంతకు మించితే పట్టు సడలుతుంది, చక్రం నిలిచిపోతుంది, దొర్లవలసిన టైరు ఈడ్చుకుపోవడం మొదలవుతుంది. ఈడ్చుకుపోయే టైరుకు పక్కలకు ఒరగకుండా కాచుకొనే శక్తి ఇంచుమించు పోతుంది. కారుకు నాలుగు చక్రాలు కనుక అది జారినా నిలబడే జారుతుంది. మోటారు సైకిలును నిలబెట్టేది దొర్లే చక్రమే. వెనుక చక్రం బిగుసుకుంటే బండి తోక ఆడిస్తుంది, నేర్పరి సంభాళించుకోగలడు. ముందు చక్రం బిగుసుకుంటే సంభాళించుకొనేందుకు వ్యవధి దొరకదు. మనిషీ బండీ నేల మీద ఉంటారు.

చిక్కు ఎక్కడ ఉన్నదంటే, బ్రేకు పట్టగానే బండి బరువూ మనిషి బరువూ ముందుకు ఒరుగుతాయి. వెనుక చక్రం తేలిక అవుతుంది, ముందు చక్రం నేలను గట్టిగా అదుముకుంటుంది. కనుక బండిని ఆపగల శక్తిలో అధికభాగం ముందు చక్రానిదే. పడదోయగల శక్తి కూడా దానిదే. మన ఊళ్లలో బండి నేర్పే అన్నలూ మామయ్యలూ మొదట చేసే ఉపదేశం ఏమిటి? "ముందు బ్రేకు జోలికి పోకురా, పల్టీ కొడతావు." పడినవారిని చూసి చెప్పిన మాట కనుక అందులో అనుభవం లేకపోలేదు. అయితే దాని ఖరీదు లెక్క వేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16 మీటర్లకు పైన. ఎండిన మంచి తారురోడ్డు మీద రెండు బ్రేకులూ సరిగా పట్టితే బండి సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. వెనుక బ్రేకు ఒక్కటే తొక్కితే ఇంచుమించు అంతకు రెట్టింపు దూరం పోతుంది. అడ్డం వచ్చిన గేదె 30 మీటర్ల దూరంలో ఉంటే ఈ ఉపదేశం పాటించినవాడు దానిని గుద్దుతాడు. పాటించనివాడు భయంతో ముందు బ్రేకు పిడికిలి బిగించి పట్టుకుంటే గేదెను చేరకముందే పడతాడు. ఏబీఎస్ పుట్టింది ఈ రెండు కీడుల నడుమ.

దాని పుట్టిల్లు మాత్రం విమానం. నేలకు దిగే విమానంలో పైలటు చక్రాలకు ఎంతో ఎత్తున కూర్చుని ఉంటాడు. కింద చక్రం బిగుసుకున్నదీ లేనిదీ అతనికి తెలియదు, తెలిసేలోపల టైరు అరిగి పేలిపోతుంది. ఫ్రాన్సు దేశంలో విమాన నిర్మాత గాబ్రియేల్ వాజాఁ 1920లలోనే దీనికి ఉపాయం వెతికాడు. అది బాగా పండినది 1950ల తొలినాళ్లలో, ఇంగ్లండులోని డన్‌లప్ కంపెనీ మాక్సరెట్ అనే సాధనాన్ని తెచ్చినప్పుడు.

మాక్సరెట్‌లో విద్యుత్తు లేదు, మైక్రోచిప్పు లేదు. దాని సూత్రం కుమ్మరి సారెను చూసినవారికి సులభంగా తెలుస్తుంది. సారెను ఒక్కసారి తిప్పి వదిలితే చెయ్యి తీసిన తరువాత కూడా అది తిరుగుతూనే ఉంటుంది. మాక్సరెట్‌లో విమానపు చక్రంతో కలిసి తిరిగే ఒక చిన్న డోలు, దాని లోపల బరువైన ఒక గిరక ఉంటాయి. మామూలుగా రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. పెద్ద చక్రం హఠాత్తుగా బిగుసుకోబోతే డోలు కూడా మందగిస్తుంది. లోపలి గిరక మాత్రం సారె వలె తన పాత వేగంతోనే ముందుకు పోతుంది. ఆ తేడా ఒక కవాటాన్ని తెరుస్తుంది, బ్రేకులోని నూనె ఒత్తిడి తగ్గుతుంది, చక్రం తేరుకుని తిరుగుతుంది, కవాటం మూసుకుంటుంది, బ్రేకు మళ్లీ పడుతుంది. పైలటు కాలు ఎంత గట్టిగా తొక్కి పట్టినా కింద ఈ పట్టువిడుపులు వాటంతట అవే సాగిపోతుంటాయి. వానకు తడిసిన రన్‌వేల మీద ఇది ఎంత మేలు చేసిందో చెప్పనక్కరలేదు.

ఇక 1958 సంగతి. బ్రిటిష్ ప్రభుత్వపు రోడ్డు పరిశోధనశాలవారు ఈ మాక్సరెట్‌ను మోటారు సైకిలుకు అమర్చి చూశారు. వారు తీసుకున్న బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్. రెండు సిలిండర్ల, 700 సీసీకి కొంచెం తక్కువైన పెద్ద బండి అది. రకరకాల నేలల మీద, పొడిలోనూ తడిలోనూ ఆపి చూశారు. ఎక్కువ పరీక్షలలో బండి ఆగే దూరం తగ్గింది. జారుడు నేల మీద తగ్గుదల మరీ స్పష్టంగా కనిపించింది, కొన్నిచోట్ల నూటికి 30 పాళ్ల దాకా. మోటారు సైకిలు ప్రమాదాలలో జారిపడటమే పెద్ద కారణం కనుక ఈ సాధనానికి గొప్ప విలువ ఉండగలదని పరిశోధకుల అభిప్రాయం. ఎన్‌ఫీల్డ్ కంపెనీ సాంకేతిక నిర్దేశకుడు టోనీ విల్సన్-జోన్స్‌కు మాత్రం అందులో భవిష్యత్తు కనిపించలేదు. ఆ సాధనం కర్మాగారపు గడప దాటి రాలేదు.

ఎన్‌ఫీల్డ్ పేరు మనకు పరాయిది కాదు. 1955లోనే ఇంగ్లండులోని రెడిచ్ పట్టణపు ఈ కంపెనీ మద్రాసు వ్యాపారులతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పింది. 1958 నాటికి మద్రాసు శివారు తిరువొత్తియూరు నుంచి బుల్లెట్ బళ్లు బయటికి వస్తున్నాయి. పోలీసువారూ పట్టాళంవారూ వాటి మీద తిరిగేవారు. ఆంధ్రదేశంలో బుల్లెట్ అంటే దర్జాకు పర్యాయపదం. దాని ఎగుపోటు ఇంజనునూ డుగుడుగు ధ్వనినీ పొగిడినవారు ఎందరో ఉన్నారు, దాని బ్రేకులను పొగిడినవారిని నేను చూడలేదు.

విల్సన్-జోన్స్‌ను తప్పుపట్టడం ఇప్పుడు సులభం. ఆనాటి పరిస్థితిని కూడా తూచి చూడాలి. మాక్సరెట్‌కు ప్రాణం నూనె ఒత్తిడి. ఆ రోజుల మోటారు సైకిళ్ల ముందు బ్రేకు ఉక్కు తీగతో లాగే డ్రమ్ము బ్రేకు. వేలాదిగా అమ్ముడయ్యే బండికి నూనెతో పనిచేసే డిస్కు బ్రేకు రావడం 1969లో హోండా సీబీ 750తో గాని జరగలేదు. విమానానికి తగిన సాధనం బరువూ ఖరీదూ బండికి పెనుభారమే. ఇవన్నీ న్యాయమైన అభ్యంతరాలే. అయితే వీటి వెనుక మాటలలోకి రాని అభ్యంతరం మరొకటి ఉండి ఉంటుందని నా ఊహ. ఆనాడు మోటారు సైకిళ్లను నిర్మించినవారు, పరీక్షించినవారు, వాటి గురించి పత్రికలలో వ్రాసినవారు అందరూ మంచి రౌతులు. బ్రేకు మీద వేలి ఒత్తిడిని తులాలలో తూచి వేయగలవారు. అటువంటివానికి చక్రం బిగుసుకోవడమంటే చేతకానివాడి తప్పుగా తోస్తుంది. చేతకానివాడి కోసం యంత్రం తయారుచేయడం దేనికి, వాడే నేర్చుకోవచ్చును గదా? ఛందస్సు నోటికి వచ్చినవాడు గణవిభజన చేసుకుంటూ పద్యం వ్రాసేవానిని చూసి నవ్వినట్లే ఇదీను. పద్యం తప్పితే దిద్దుకోవచ్చును, బ్రేకు తప్పితే దిద్దుకొనే తీరిక ఉండదు. పైగా గేదె అడ్డం వచ్చిన క్షణంలో ఎంతటి నేర్పరి పిడికిలైనా బిగుసుకుంటుంది. ఈ ముక్క ఒప్పుకోవడానికే వాహన ప్రపంచానికి ముప్పై ఏళ్లు పట్టిందని నేననుకుంటాను.

ఈ మధ్యకాలంలో మాక్సరెట్ కార్లకు ఎక్కింది. 1966లో జెన్సన్ ఎఫ్‌ఎఫ్ అనే కారుకు దానిని అమర్చారు. ఖరీదైన కారు అది, మూడు వందల పైచిలుకు మాత్రమే తయారైనాయి. 1978లో జర్మనీలో బాష్ కంపెనీవారి ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మెర్సిడెస్ పెద్ద కార్లకు వచ్చింది. గిరక స్థానంలోకి పళ్ల చక్రమూ దాని పక్కన అయస్కాంతపు గ్రాహకమూ వచ్చాయి. చక్రంతో పాటు పళ్లు తిరుగుతుంటే గ్రాహకం వాటిని లెక్కిస్తుంది. లెక్క హఠాత్తుగా పడిపోతే చక్రం బిగుసుకోబోతున్నదని చిన్న గణకయంత్రం గ్రహించి కవాటాన్ని ఆడిస్తుంది. మాక్సరెట్ చేసిన పనే ఇదీ చేస్తుంది, మరింత వేగంగా, మరింత సున్నితంగా.

మోటారు సైకిలుకు దీనిని తెచ్చిన ఖ్యాతి 1988లో జర్మనీలోని బీఎమ్‌డబ్ల్యూవారి కే 100 బండిది. ఎఫ్‌ఏజీ కూగెల్‌ఫిషర్ అనే కంపెనీతో కలిసి చేసిన ఆ సాధనం బరువు 11 కిలోలు. పావు బస్తా బియ్యం బండికి కట్టుకుని తిరిగినట్లన్నమాట. 1992 నాటికి జపానువారి హోండా ఎస్‌టీ 1100 కూడా ఏబీఎస్‌తో వచ్చింది. ఇవన్నీ దూరప్రయాణాల పెద్ద బళ్లు, కొనగలవారు కొందరే. ఆ తరువాతి చరిత్ర అంతా బరువు తగ్గిన చరిత్ర. 2010 ప్రాంతానికి బాష్‌వారి మోటారు సైకిలు ఏబీఎస్ సుమారు 700 గ్రాములకు దిగింది. బరువు నెపంతో వద్దనడానికి అప్పటికి వీలు లేకపోయింది. మన దేశంలో తయారైన బళ్లలో మొదటగా 2011లో టీవీఎస్ అపాచీ 180కి ఇది వచ్చింది. అదే బండిని ఏబీఎస్ లేకుండా తక్కువ ధరకు కూడా అమ్మారు. మన కొనుగోలుదారు ఏది ఎంచుకొని ఉంటాడో మీరే ఊహించండి.

ఇంతకూ దీనివల్ల ప్రాణాలు నిలిచాయా? పరీక్షామైదానంలో ఆగే దూరం తగ్గడం ఒక మాట, ఊరి రోడ్డు మీద చావు తప్పడం వేరొక మాట. 2009లో స్వీడనులో జరిగిన పరిశీలన, గాయాలైన ప్రమాదాలు నూటికి 38, తీవ్రమైన, ప్రాణాంతకమైన ప్రమాదాలు నూటికి 48 తగ్గినట్లు తేల్చింది. అమెరికాలో భీమా సంస్థల పరిశోధనశాలవారు, ఒకే నమూనా బండిని ఏబీఎస్ ఉన్నదీ లేనిదీ పక్కపక్కన పెట్టి చూశారు. ప్రాణాంతక ప్రమాదాలు ఏబీఎస్ ఉన్నవాటిలో నూటికి 37 తక్కువని 2010లో అన్నారు. మరికొన్ని ఏళ్ల లెక్కలు చేర్చి 2013లో 31 అన్నారు, 2022లో 22 అన్నారు.

ఈ అంకె తగ్గుతూ రావడాన్ని కొందరు ఎద్దేవా చేస్తారు. నాకు అది ఆ పరిశోధకుల మీద గౌరవాన్నే పెంచింది. ఐచ్ఛికంగా ఏబీఎస్‌కు డబ్బు పెట్టినవాడు స్వభావతః జాగ్రత్తపరుడు కావచ్చును గదా, అతడు బతికినది ఏబీఎస్ వల్లనా జాగ్రత్త వల్లనా అని అడగవచ్చును. న్యాయమైన ప్రశ్న అది. ఇటువంటి పరిశీలనలో ఆ రెంటినీ పూర్తిగా విడదీయడం కష్టం. ఆ తరువాత ఐరోపాలోని మూడు దేశాలలో చేసిన మరొక పరిశీలనలో గాయాల ప్రమాదాలు స్పెయినులో నూటికి 24, ఇటలీలో 29, స్వీడనులో 34 తగ్గినట్లు తేలింది. దేశాలు వేరు, రోడ్లు వేరు, మనుషుల దూకుడు వేరు. అంకెలు మారాయి గాని మొగ్గు అన్నిచోట్లా ఒకవైపే ఉన్నది. నూటికి 22 అనే అతి తక్కువ లెక్కనే తీసుకున్నా, హెల్మెట్ తరువాత ద్విచక్రవాహనదారుకు ఇంత మేలు చేసిన వస్తువు మరొకటి నాకు కనిపించదు.

అయితే దీనికి దోషాలు లేవని చెప్పడం అబద్ధమవుతుంది. కంకర పరిచి రోలరు తిప్పని రోడ్డు మీద, ఇసుక మేట మీద ఏబీఎస్ ఉన్న బండి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకోవచ్చును. అక్కడ బిగుసుకున్న చక్రం ఎదుట కంకరను గుట్టగా పోసుకుని దానికి తన్ని ఆగుతుంది. ఏబీఎస్ ఆ గుట్టను పోగుకానివ్వదు. మన పల్లెలలో కోతలు కాగానే వడ్లూ మొక్కజొన్నలూ తారురోడ్డు మీద ఆరబోస్తారు. ఆ గింజల మీద చక్రానికి పట్టు దొరకదు, ఏబీఎస్ పదే పదే బ్రేకు వదులుతుంది. బండి నిలువుగానే ఉంటుంది గాని త్వరగా ఆగదు. నిలువుగా ఉండటమే మేలని నా అభిప్రాయం, అయితే ముందు ఎదురుగా లారీ ఉన్నప్పుడు ఆ మాట చెప్పడం కష్టం. గతుకుల మీద చక్రం క్షణకాలం గాలిలోకి లేచినప్పుడు కూడా యంత్రం అది జారుతున్నదని భ్రమించి బ్రేకు వదలవచ్చును. కొండదారులలో మట్టిబాటలలో తిరిగే నేర్పరులు వెనుక చక్రాన్ని కావాలనే బిగించి బండిని తిప్పుతారు, వారికి ఇది అడ్డం. ఈ కారణం చేతనే 2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బండికి వెనుక చక్రపు ఏబీఎస్‌ను ఆపుకొనే మీట పెట్టారు. ముందు చక్రానిది ఆపనివ్వలేదు. ఆ విభజనలో మంచి వివేకం ఉన్నది.

రెండవ దోషం మలుపుది. మలుపులో బండి ఒరిగి ఉన్నప్పుడు టైరు పట్టులో కొంత భాగం బండిని మలుపు తిప్పడానికే ఖర్చవుతుంది. నిటారుగా పోయే బండి కోసం రచించిన ఏబీఎస్‌కు ఈ ఖర్చు తెలియదు. మలుపు మధ్యలో గట్టిగా బ్రేకు పట్టినవాడిని అది కాపాడలేకపోవచ్చును. 2013 చివర కేటీఎం 1190 అడ్వెంచర్ బండికి వచ్చిన కొత్త ఏర్పాటు బండి ఎంత ఒరిగిందో కూడా కొలిచి బ్రేకును తగ్గించి వేస్తుంది. అది ఖరీదైన బళ్ల భాగ్యం. ఘాట్‌రోడ్డు ఎక్కే సామాన్యుడు తన బండికి అది ఉన్నదనుకోకుండా, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవలసినదే.

మూడవది మనిషి దోషం. 1980లలో మ్యూనిక్ నగరంలో ఒక కంపెనీ టాక్సీలలో కొన్నింటికి ఏబీఎస్ ఉంది, కొన్నింటికి లేదు. మూడేళ్లు గమనిస్తే ప్రమాదాల లెక్కలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఏబీఎస్ ఉన్న టాక్సీవాళ్లు మలుపులు దురుసుగా తిప్పుతూ, ముందు బండికి మరీ దగ్గరగా పోతూ నడిపారట. యంత్రం ఇచ్చిన మేలును వేగంగా మార్చుకుని ఖర్చుపెట్టేశారన్నమాట. ఏబీఎస్ విరోధులకు ఇది ఇష్టమైన కథ. అయితే అది కార్ల కథ. కారులో గుద్దినవాడు ఇనుప పెట్టెలో ఉంటాడు. మోటారు సైకిలువాడు ఎంత ధీమా వచ్చినా తన మోకాలు రోడ్డుకు జానెడు ఎత్తులో ఉన్న సంగతి మరిచిపోడు. పైన చెప్పిన స్వీడను, ఇటలీ లెక్కలు కూడా మోటారు సైకిళ్ల మీద ఆ ధీమా మేలునంతా తినివేయలేదనే చెబుతున్నాయి.

చట్టాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఐరోపా సమాజం 125 సీసీ దాటిన కొత్త నమూనాలకు 2016 నుంచి, ఆ తరగతిలో అమ్మే కొత్త బళ్లన్నింటికీ 2017 నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేసింది. మన దేశంలో 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త నమూనాలకు, 2019 ఏప్రిల్ 1 నుంచి పాత నమూనాలకు నియమం వచ్చింది. ఇక్కడా గీత 125 సీసీ దగ్గరే గీశారు. దానికి లోబడిన చిన్న బళ్లకు ఏబీఎస్ గాని, జంట బ్రేకు గాని ఉంటే చాలునన్నారు. జంట బ్రేకు అంటే వెనుక బ్రేకు తొక్కినప్పుడు ముందు బ్రేకు కూడా కొంత పడే ఏర్పాటు. 'ముందు బ్రేకు జోలికి పోకు' అన్న మన పాత ఉపదేశానికి ఇది తెలివైన విరుగుడే. అయితే చక్రం బిగుసుకోవడాన్ని అది ఆపదు. తడిరోడ్డు మీద పడవలసినవాడు పడతాడు.

నాకు మింగుడుపడనిది ఈ గీతే. ఇంజను పరిమాణాన్ని బట్టి వేగం ఉండవచ్చును గాని, భయం ఉండదు. గేదె అడ్డం వచ్చినప్పుడు 100 సీసీ బండి మీది పాలవాడి పిడికిలీ 500 సీసీ బండి మీది షావుకారు కొడుకు పిడికిలీ ఒకేలాగ బిగుస్తాయి. పైగా మన దేశంలో అమ్ముడయ్యే బళ్లలో అధికభాగం ఆ గీతకు కింద ఉన్నవే. భార్యనూ ఇద్దరు పిల్లలనూ ఎక్కించుకుని పెళ్లికి పోయేవాడు, పురుగుమందు డబ్బా కట్టుకుని చేనుకు పోయేవాడు, తెల్లవారుజామున పేపర్లు వేసేవాడు, వీరంతా ఆ గీతకు కిందివారే. గీతకు పైనున్నవారికి కూడా, ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్ ఉన్నా చట్టం ఒప్పుకున్నది. ఇది అంత అన్యాయం కాదు. పడదోసేది ముందు చక్రమే కనుక ఖర్చు తగ్గించుకోవాలంటే తగ్గించవలసిన చోటే తగ్గించారు. ఆ ముందు చక్రపు ఏబీఎస్ అయినా చిన్న బళ్లకు ఇచ్చి ఉంటే బాగుండేది. 2025 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం చిన్న బళ్లకు కూడా ఏబీఎస్ తప్పనిసరి చేయాలని ముసాయిదా ప్రకటించింది. ధర పెరిగితే బీదవాడు కొనలేడని తయారీదారుల వాదన. బీదవాడి మీద ఈ కరుణ ధర పెంచేటప్పుడు కాక ప్రమాదం జరిగినప్పుడు కూడా కనిపిస్తే నాకు దాని మీద మరికొంత నమ్మకం కుదిరేది. అయితే కొన్ని వేల రూపాయలు ఆ కుటుంబానికి నిజంగానే బరువు. పన్నులో కొంత తగ్గించి ప్రభుత్వం ఆ బరువు పంచుకోవచ్చును.

అన్నట్లు, 1958లో మాక్సరెట్‌ను కాదన్న ఎన్‌ఫీల్డ్ సంగతి పూర్తి చేయలేదు. రెడిచ్ కర్మాగారం 1967లో మూతపడింది. మద్రాసుది బతికింది. చట్టం తరుముకొస్తుండగా 2018లో ఆ మద్రాసు ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ శ్రేణిలోని ఒక 350 సీసీ బండికి రెండు చక్రాలకూ ఏబీఎస్ వచ్చింది. సూపర్ మీటియర్ మీద ఆ పరీక్ష జరిగి అప్పటికి సరిగ్గా అరవై ఏళ్లు.

ఏబీఎస్ బండి కొన్నవారికి రెండు మాటలు. తాళం తిప్పగానే మీటరు దగ్గర పసుపుపచ్చ దీపం ఒకటి వెలుగుతుంది, బండి కొంచెం కదలగానే ఆరిపోతుంది. ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఏబీఎస్ పనిచేయడం లేదని అర్థం. మామూలు బ్రేకు ఉంటుంది, పాత జాగ్రత్తలన్నీ పాటిస్తూ మెకానిక్ దగ్గరకు పోవాలి. రెండవది, గట్టిగా బ్రేకు పట్టినప్పుడు వేళ్ల కింద, పాదం కింద టకటకమని కొట్టుకున్నట్లు ఉంటుంది. కొత్తవారు ఏదో విరిగిందని బెదిరి బ్రేకు వదిలేస్తారు. వదలకూడదు. ఖాళీగా ఉన్న పొడిరోడ్డు మీద, తక్కువ వేగంలో, నాలుగైదుసార్లు కావాలని గట్టిగా పట్టి చూసుకుంటే ఆ తాకిడి చేతికి అలవాటవుతుంది.